జర్మనీలో మొదటి చలికాలం: హీటరు, చెమ్మ, చీకటి

మీరు రాసిందంతా చదివాను. సెప్టెంబరులో స్టుట్‌గార్ట్ పక్కన బోబ్లింగెన్‌లో దిగారు. మీవారు ఆఫీసుకి, మూడేళ్ళ పాప కీటాకి (అంటే ఇక్కడి చిన్నపిల్లల బడికి) వెళ్ళిపోతే ఇంట్లో మీరొక్కరే. హీటరు 5 మీద పెట్టినా పడగ్గది వెచ్చబడట్లేదు, పొద్దున లేచేసరికి కిటికీ అద్దాల మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి, దోసెల పిండి రెండు రోజులైనా పొంగట్లేదు, సాయంత్రమైతే ఏదో దిగులు. జాకెట్లు ఎలాంటివి కొనాలి, అమ్మానాన్నల్ని డిసెంబరులో రప్పించుకోవచ్చా అని కూడా అడిగారు. మేమిక్కడ కాపురం పెట్టి పదేళ్ళు దాటింది, మా పిల్లలిద్దరూ ఇక్కడి కీటాల్లోనే పెరిగారు. నాకు తెలిసింది చెప్తాను, కొంచెం పొడవవుతుంది, ఓపిగ్గా చదువుకోండి.

కొత్తగా వచ్చినవాళ్ళందరూ మంచుని, మైనస్ డిగ్రీల్ని తలుచుకుని భయపడతారు. ఈ చుట్టుపక్కల మనల్ని ఇబ్బంది పెట్టేవి అవి కావు. జనవరిలో మంచు పడి ఎండ కాసిందంటే అసలు ఆ రోజు పండగలా ఉంటుంది. కష్టమంతా అక్టోబరు చివర్నుంచి నవంబరు నెలాఖరు దాకా. నాలుగైదు డిగ్రీలు, పొద్దస్తమానం ముసురు, దీపాలు పెట్టే వేళకంటే ముందే చీకటి. చలికైతే జాకెట్టు కొనుక్కుంటే సరిపోతుంది. చెమ్మకీ చీకటికీ మాత్రం ఇంట్లో అలవాట్లు మార్చుకోవాలి. మీరు చెప్పిన ఇబ్బందులు చాలావరకు ఆ రెండింటి దగ్గరే తేలతాయి.

హీటరుతో మొదలుపెడదాం. రేడియేటరు పక్కన ఉండే ఆ గుండ్రటి మీట మన ఫ్యాన్ రెగ్యులేటరు లాంటిది కాదు. అంకె పెంచితే వేడి జోరుగా రాదు. ఆ అంకె గది ఎంత వేడెక్కాక ఆగాలో చెప్పే గుర్తు, అంతే. 3 అంటే సుమారు 20 డిగ్రీలు, ఒక్కో అంకెకీ నాలుగు డిగ్రీల చొప్పున తేడా, 5 అంటే 28 దాకా. చిన్న నక్షత్రం గుర్తు మీద పెడితే గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టకుండా ఆరు డిగ్రీల దగ్గర మాత్రం పనిచేస్తుంది. కాబట్టి 5 మీద పెట్టినా, 3 మీద పెట్టినా గది 20కి చేరడానికి పట్టే సమయం ఒకటే. 5 మీద మర్చిపోతే మాత్రం ఆ తర్వాత కూడా ఊరికే కాలుతూనే ఉంటుంది. హాల్లో 3, పడగ్గదిలో రెండున్నర, ఎవరూ లేని గదిలో 1 నుంచి 2. రోజంతా అలా వదిలేయండి. పొద్దున పూర్తిగా కట్టేసి సాయంత్రం పెద్దగా పెట్టడం వల్ల గోడలు చల్లబడిపోతాయి, చెమ్మంతా వాటి మీదే చేరుతుంది.

మరి మీ పడగ్గది 5 మీద కూడా ఎందుకు వెచ్చబడట్లేదు? నా అనుమానం కర్టెన్ మీద. ఆ మీటలోనే ఉష్ణోగ్రత పసిగట్టే భాగం ఉంటుంది, అది తన చుట్టూ ఉన్న గాలినే చూస్తుంది. పొడుగు కర్టెన్ దాన్ని కప్పేస్తే, లేదా మంచం దానికి ఆనించి వేస్తే, ఆ మూల వేడి పోగై గది మొత్తం వేడెక్కిందనుకుని ముందే ఆపేసుకుంటుంది. కర్టెన్ కిటికీ గట్టు దాకా మడిచి చూడండి. అప్పటికీ కాకపోతే రేడియేటరు మీద చెయ్యి పెట్టండి. పైన వేడిగా, కింద గోరువెచ్చగా ఉంటే అది మామూలే. పైన చల్లగా ఉండి లోపల గుడగుడమంటుంటే గాలి పట్టిందన్నమాట. హార్డ్‌వేర్ షాపులో ఒక చిన్న తాళంచెవి ఒకటి రెండు యూరోలకి దొరుకుతుంది. కింద గ్లాసు పట్టుకుని, ఆ తాళంచెవితో రేడియేటరు మరను పావు వంతు తిప్పితే బుస్సుమని గాలి పోయి నీళ్ళ చుక్కలొస్తాయి, వెంటనే బిగించేయండి. రాత్రి పదకొండు దాటాక మాత్రమే చల్లబడుతోందంటే మీ ఇంటిలో తప్పేం లేదు. చాలా అపార్ట్‌మెంట్లలో రాత్రిపూట బాయిలరు వేడి తగ్గించేస్తారు.

ఇవేవీ కాకపోతే ఇంటి ఓనరుకి చెప్పాలి, అదీ ఈమెయిల్లో. ఫోన్లో చెప్పింది ఇక్కడ చెప్పినట్టు కాదు. మామూలుగా అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా హీటింగ్ సీజను. పగటిపూట గదులు 20 నుంచి 22 డిగ్రీలకి వెచ్చబడేలా చూడాల్సిన బాధ్యత ఓనరుదే. ఈలోగా చలికి తట్టుకోలేక కరెంటు హీటరు కొనకండి. 2000 వాట్లది రోజుకి ఐదు గంటలు వాడితే పది యూనిట్లు. యూనిట్ 35, 40 సెంట్లు ఉన్న దేశంలో నెలకి వంద యూరోలు దాటిపోతుంది. దానికంటే డ్రగ్‌స్టోర్లలో దొరికే రబ్బరు వేడినీళ్ళ సంచీ మేలు, పడుకునే ముందు దుప్పట్లో కాళ్ళ దగ్గర పెట్టుకుంటే హాయిగా ఉంటుంది.

ఇక కిటికీల సంగతి. దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మనవాళ్ళు అద్దె ఇళ్ళు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే.

నలుగురుండే ఇంట్లో ఊపిరి, స్నానాలు, వంట, ఆరేసిన బట్టలు కలిసి రోజుకి పది లీటర్ల దాకా నీరు గాలిలోకి వెళ్తుంది. మన ఇళ్ళలో కుక్కరు విజిళ్ళూ, పప్పు ఉడకడాలూ, ఇడ్లీ ఆవిరీ కూడా కలుస్తాయి కాబట్టి జర్మన్ల ఇళ్ళ కంటే మన ఇళ్ళలో చెమ్మ తక్కువుండే ప్రశ్నే లేదు. మన ఊళ్ళో తలుపులు తెరిచే ఉంటాయి, ఎటో పోతుంది. ఇక్కడి కిటికీలకి చుట్టూ రబ్బరు, రెండు మూడు పొరల అద్దం. ఎటూ పోవడానికి దారిలేక అన్నిటికంటే చల్లగా ఉన్న చోట నీళ్ళుగా దిగుతుంది. మొదట అద్దం మీద, తర్వాత బయటి గోడ మూలల్లో, బీరువా వెనక. ఆ గోడ రోజుల తరబడి తడిగా ఉంటే నల్లగా బూజు పడుతుంది.

దీనికి మందు ష్టోస్‌లుఫ్టెన్. పేరు భయపెట్టేలా ఉన్నా పని చిన్నదే. రోజుకి మూడు నాలుగు సార్లు ఇంట్లో కిటికీలన్నీ బార్లా తెరిచి ఐదు నిమిషాలుంచి మూసేయడం. ఇప్పుడు, ఇంకా చలి ముదరనప్పుడు, పది నిమిషాలు. తెరిచేముందు హీటరు మీట నక్షత్రం మీదకి తిప్పండి, మూశాక మళ్ళీ 3 మీదకి. లేచిన వెంటనే ఒకసారి, స్నానాలయ్యాక ఒకసారి, వంటయ్యాక, పడుకునేముందు. ఐదు నిమిషాల్లో గాలి మారుతుంది కానీ గోడలు, సామాను చల్లబడవు, అందుకే పది నిమిషాల్లో మళ్ళీ వెచ్చబడిపోతుంది.

బయట వాన పడుతుంటే కిటికీ తెరిస్తే చెమ్మ లోపలికి రాదా అని ప్రతి తెలుగు ఇంట్లోనూ అడుగుతారు. రాదు, లెక్క చూడండి. 20 డిగ్రీల గాలి ఘనపు మీటరుకి 17 గ్రాముల పైచిలుకు నీటిని మోయగలదు. 5 డిగ్రీల గాలి ఎంత తడిగా ఉన్నా ఏడు గ్రాముల లోపే మోస్తుంది. ఆ ముసురు గాలిని లోపలికి రానిచ్చి 20కి వేడెక్కిస్తే దాని తేమ నలభై శాతం దగ్గరకి పడిపోతుంది. అంటే ముసురు రోజు కూడా కిటికీ తెరిస్తే ఇల్లు ఆరుతుందే కానీ తడవదు. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే మిగతాదంతా దానంతటదే అలవాటవుతుంది.

పైనుంచి కొంచెం వాల్చి తెరిచే సదుపాయం ఉంటుంది కదా కిటికీలకి, దాన్ని అలా గంటల తరబడి ఉంచకండి. గాలి సరిగ్గా మారదు, పైగా కిటికీ చుట్టూ గోడ చల్లబడి బూజు అక్కడే మొదలవుతుంది, కింద హీటరు డబ్బులు కాలుస్తూనే ఉంటుంది. పది యూరోలు పెట్టి తేమ చూపించే చిన్న మీటరు కొని పడగ్గదిలో పెట్టండి. 40 నుంచి 60 మధ్య ఉండాలి. పొద్దున 65, 70 చూపిస్తుందనే అనుకుంటున్నాను. అద్దం మీది నీళ్ళు రబ్బరు వైపరుతో లాగి గుడ్డతో తుడిచేయండి, చెక్క ఫ్రేములోకి దిగనివ్వకండి. బీరువా బయటి గోడకి ఆనించి ఉంటే అరచెయ్యి పట్టేంత సందు వదలండి. బట్టలు పడగ్గదిలో ఆరేయకండి, కింద సెల్లారులో ఆరబెట్టే గది ఉందేమో కనుక్కోండి. ఇప్పటికే చిన్న నల్ల చుక్కలు కనబడితే ఫోటో తీసి, 70, 80 శాతం ఆల్కహాలుతో తుడిచి, ఓనరుకి రాసేయండి. దాచిపెడితే మార్చికల్లా గోడంతా పాకుతుంది, అప్పుడు తప్పంతా మనదే అంటారు.

జనవరిలో ఇది తిరగబడుతుంది. బయట మైనస్‌కి పోయాక గాలి మరీ పొడిబారి ముక్కుల్లో రక్తం, పెదాలు పగుళ్ళు. అప్పుడు బట్టలు హాల్లో ఆరేసుకున్నా పరవాలేదు. కొబ్బరినూనె ఇప్పటికే గడ్డకట్టి ఉంటుంది. వెడల్పు మూతి సీసాలోకి మార్చుకోండి, సన్న మూతి సీసాతో ఆర్నెల్లు కుస్తీ పట్టలేరు.

వంటింటి మాట వచ్చింది కాబట్టి దోసెల పిండి. మీ వంటగది 18, 19 డిగ్రీలు ఉంటుంది, ఆ చలికి పిండి పులవదు. ఓవెన్ వేడి చేయకుండా లోపలి దీపం ఒక్కటే వేసి గిన్నె పెట్టండి. దీపం వేడికి లోపల 28, 30 డిగ్రీలు వస్తుంది, రాత్రి పెడితే పొద్దున్నకి పొంగుతుంది. గిన్నె సగానికి మించి నింపకండి, కింద పళ్ళెం పెట్టండి. ఓవెన్ తలుపు మీద "పిండి ఉంది" అని చీటీ అంటించండి. చూసుకోకుండా పిజ్జా కోసం ఓవెన్ వేడి చేసిన మగవాళ్ళ కథలు ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. మీ ఓవెన్లో ఎల్ఈడీ దీపముంటే అది వేడి ఇవ్వదు, అప్పుడు మరిగించిన నీళ్ళ గిన్నె ఒకటి పక్కన పెట్టాలి. పెరుగు తోడుపెట్టడానికీ ఇదే దారి.

పోపు విషయంలో ఒక జాగ్రత్త. చలికాలంలో కిటికీలు మూసుంటాయి కాబట్టి ఇంగువ, ఎండుమిర్చి, ఉల్లిపాయ వాసనంతా వెళ్ళి గుమ్మం పక్కన కొక్కేనికి వేలాడే జాకెట్లలో దూరుతుంది. మనకి తెలియదు, ముక్కు అలవాటు పడిపోతుంది. పొద్దున రద్దీగా ఉన్న రైల్లో పక్కవాళ్ళకి తెలుస్తుంది. వంట చేసేటప్పుడు వంటింటి తలుపు మూసి కిటికీ తెరవండి, జాకెట్లు, పాప బ్యాగు పడగ్గది బీరువాలో పెట్టి తలుపు వేయండి. ఇంట్లో పొగ అలారాలు ఉంటాయి, తప్పనిసరి కాబట్టి తీసేయకండి. దీపావళికి సాంబ్రాణి వేస్తే కూతపెడతాయి, ముందే కిటికీ తీసి వేసుకోండి.

ఈ నెలల్లో ఇక్కడి మార్కెట్లో గుమ్మడికాయలదే రాజ్యం. దగ్గర్లో లుడ్విగ్స్‌బర్గ్ కోట తోటలో ఏటా పెద్ద గుమ్మడికాయల ప్రదర్శన పెడతారు, పాపని తీసుకెళ్ళండి. నారింజ రంగు హొక్కైడో గుమ్మడికి చెక్కు తీయక్కర్లేదు, తొక్కతో సహా ఉడికిపోతుంది, కానీ పులుసులో వేస్తే చెదిరి ముద్దవుతుంది. దప్పళానికి బటర్‌నట్ బాగుంటుంది, ముక్క ముక్కగా నిలబడుతుంది. హొక్కైడోని వేపుడు కూరకి ఉంచుకోండి. కరివేపాకు మొక్క బాల్కనీలో ఉంటే ఇవాళే లోపలికి తెచ్చేయండి, ఒక్క మంచు రాత్రికి చచ్చిపోతుంది. కిటికీ పక్కన, రేడియేటరుకి దూరంగా పెట్టి నీళ్ళు బాగా తగ్గించండి. ఆకులు రాలుస్తుంది, కంగారుపడి నీళ్ళు పోసి కుళ్ళబెట్టకండి.

ఇప్పుడు మీ దిగులు. ప్రశ్నలో దాన్ని ఆఖర్న ఒక్క ముక్కలో రాశారు కానీ నా దృష్టిలో మీరు అడిగినవాటన్నిట్లో పెద్దది అదే.

అక్టోబరు ఆఖరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. శనివారం ఆరింటి దాకా ఉన్న వెలుతురు ఆదివారం ఐదింటికే పోతుంది. డిసెంబరుకి వచ్చేసరికి పొద్దున ఎనిమిది దాటితే కానీ తెల్లారదు, సాయంత్రం నాలుగున్నరకి చీకటి. దాంతోపాటు ఇండియాతో తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నర గంటలవుతుంది. ఇప్పుడు మీరు సాయంత్రం ఐదింటికి అమ్మకి ఫోన్ చేస్తున్నారనుకోండి, అక్కడ ఎనిమిదిన్నర, టీవీ ముందు కూర్చుని తీరిగ్గా మాట్లాడతారు. నవంబరులో అదే ఐదింటికి చేస్తే అక్కడ తొమ్మిదిన్నర, నాన్నగారు అప్పటికే పడుకుని ఉంటారు. ఈ ఒక్క గంట తేడాకి ఎంతమంది ఇళ్ళలో ఫోన్లు తగ్గిపోతాయో చూశాను. మీ వేళ మార్చుకోండి. పాపని దింపి వచ్చి తొమ్మిదింటికి చేస్తే అక్కడ ఒంటిగంటన్నర, భోజనాలయి నడుం వాల్చే వేళ. అమ్మ బాగా మాట్లాడుతుంది, మీ సాయంత్రం మీ చేతిలో ఉంటుంది.

వెలుతురు మనిషికి మందులాంటిదని ఇక్కడికొచ్చాకే అర్థమవుతుంది, మన దేశంలో ఎండ నుంచి పారిపోవడమే పని కదా. వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు, ఇంట్లో అన్ని లైట్లు వేసినా 300, 500 లక్స్ మించదు. మబ్బు పట్టిన మధ్యాహ్నం బయట వేలల్లో ఉంటుంది. అందుకని పన్నెండింటి నుంచి రెండింటి లోపల అరగంట బయట నడవండి, ముసురైనా సరే. ఇది నేను మొహమాటానికి చెప్పే సలహా కాదు, మీరు ఈ ఉత్తరంలో ఒక్కటే పాటిస్తానంటే ఇదే పాటించమంటాను. ఉదయం పూట ముందు కూర్చునే 10,000 లక్స్ దీపాలు కూడా దొరుకుతాయి, కాఫీ తాగుతూ ఇరవై, ముప్పై నిమిషాలు ముందు పెట్టుకోవాలి, కొంతమందికి బాగా పనిచేస్తాయి. నిద్ర పట్టకపోవడం, ఏడుపు రావడం, దేని మీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటితే ఫ్యామిలీ డాక్టరుకి చెప్పండి. ఇక్కడ అది జ్వరం వచ్చిందని చెప్పినంత మామూలు విషయం.

విటమిన్ డి సంగతి. అక్టోబరు నుంచి మార్చి దాకా ఈ అక్షాంశంలో సూర్యుడు మరీ కిందుగా ఉంటాడు, ఒంట్లో విటమిన్ డి తయారవడానికి ఆ ఎండ చాలదు. రోజుకి 800 యూనిట్ల మాత్ర డ్రగ్‌స్టోర్లో చవగ్గా దొరుకుతుంది, అది చాలు. ఇండియా నుంచి తెచ్చుకున్న 60,000 యూనిట్ల సాషేలు మీ పెట్టెలో ఉండే ఉంటాయి. రక్తపరీక్ష చేయించకుండా, డాక్టరు చెప్పకుండా వాటిని వారం వారం తాగకండి. ఆ పరీక్షకి కారణం లేకపోతే ఇన్సూరెన్సు ఇవ్వదు, మీరే కట్టుకోవాలి.

ఇంకో కిటుకు. ఇక్కడ మనముండే ఊరు పొగమంచులో మునిగి ఉన్న రోజుల్లో చాలాసార్లు పైన కొండల మీద ఎండ కాస్తూ ఉంటుంది. చల్లగాలి లోయలో కూర్చుండిపోతుంది, దాని మీద వెచ్చగాలి మూతలా పడుతుంది, పొగమంచు ఆ కిందే చిక్కుకుపోతుంది. శనివారం పొద్దున ష్వేబిష్ ఆల్ప్ మీదో, బ్లాక్ ఫారెస్ట్ పైనో ఉన్న ఏదైనా వెబ్‌క్యామ్ చూడండి. అక్కడ నీలంగా కనబడితే వంట మానేసి పులిహోర డబ్బా పట్టుకుని బయల్దేరండి.

మీకు పగలంతా ఖాళీ అన్నారు. ఫోల్క్స్‌హోఖ్‌షూలెలో, అంటే పెద్దవాళ్ళకి పాఠాలు చెప్పే ఊరి విద్యాకేంద్రంలో, జర్మన్ క్లాసులు నడుస్తుంటాయి, సెప్టెంబరు బ్యాచి తప్పినా ఫిబ్రవరిది దొరుకుతుంది, మధ్యలో చేరే అవకాశమూ అడగండి. ఆన్‌లైన్లో నేర్చుకోవచ్చు కదా అనకండి. భాష కంటే కూడా వారానికి రెండు రోజులు తయారై బయటికి వెళ్ళడం మీకు ముఖ్యం. ఊరి లైబ్రరీ వెచ్చగా ఉంటుంది, పిల్లలకి కథలు చదివే రోజులుంటాయి. ఈతకొలనులు కూడా చలికాలంలో కిటకిటలాడతాయి. పక్కనే సౌనా అని రాసున్న తలుపు తీసేముందు మాత్రం తెలుసుకోండి, అక్కడ ఆడా మగా కలిసి ఒంటి మీద నూలుపోగు లేకుండా కూర్చుంటారు. మనవాళ్ళు స్విమ్ సూట్‌తో వెళ్ళి తిట్లు తినొచ్చిన సందర్భాలున్నాయి.

పాప విషయానికి వద్దాం. కీటాలో వానైనా చలైనా పిల్లల్ని బయటికి తీసుకెళ్తారు. ఐదు డిగ్రీల్లో ఇసుకలో కూర్చుని బురద పూసుకుంటున్న పిల్లని చూసి మీరు గేటు దగ్గర కంగారుపడతారు. పడకండి. జలుబు చలిగాలికి రాదు, మూసిన గదుల్లో ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. మొదటి ఏడాది ఎనిమిది, పది సార్లు ముక్కు కారడం ఇక్కడ డాక్టర్లు మామూలే అంటారు. దానికి యాంటీబయాటిక్ రాయరు, మీరు ఎంత బతిమాలినా రాయరు, అదే మంచిది. పిల్లల డాక్టరు దగ్గర ఇప్పుడే పేరు నమోదు చేయించండి, నవంబరులో అయితే కొత్తవాళ్ళని తీసుకోం అనేస్తారు. రాత్రిపూట, సెలవురోజుల్లో, డాక్టరు తెరిచేదాకా ఆగలేకపోయినా ప్రాణాపాయం లేని వాటికి 116117, ప్రాణం మీదకొస్తే 112.

కొనాల్సినవి: మాచ్‌హోజె అనే రబ్బరు ప్యాంటు, లోపల బొచ్చున్న వాన బూట్లు, తడవని గ్లోవ్స్ రెండు జతలు, టోపీ, తల మీద నుంచి తొడిగే గొట్టం లాంటి మఫ్లరు. కట్టుకునే మఫ్లర్లు, తాళ్ళున్న టోపీలు కీటాలో ఒప్పుకోరు, ఆటలో మెడకి చుట్టుకుంటాయని. అన్నిటి మీదా పేరు రాయండి, లేకపోతే శుక్రవారానికి ఒక గ్లోవే ఇంటికొస్తుంది. ఇవన్నీ కొత్తవి కొనకండి. పిల్లలు ఒక్క చలికాలానికే పెరిగిపోతారు కాబట్టి వాడిన సామాను అమ్మే క్లైన్ఆన్‌త్సైగెన్, వింటెడ్ యాప్‌లలో పావు ధరకి బోలెడు. అక్టోబరులో ఊరూరా పిల్లల సామాను సంతలు కూడా పెడతారు.

పెద్దవాళ్ళకి ఒక్క మందపాటి కోటు కంటే పొరలు మేలు. లోపల ఒంటికి అతుక్కునే థర్మల్, పైన ఉన్ని స్వెట్టరో ఫ్లీసో, ఆపైన గాలీ వానా చొరని జాకెట్టు, అది తుంటి దాటి కిందికుండాలి. జీన్స్ తడిస్తే ఆరదు, ముసురు రోజుల్లో వేసుకోకండి. డబ్బు పెట్టాల్సింది బూట్ల మీద. అడుగు మందంగా, తడవకుండా, ఉన్ని సాక్సు పట్టేలా అర సైజు పెద్దది తీసుకోండి. ఇండియా నుంచి జాకెట్లు తెప్పించుకోవడం వృథా, మంకీ క్యాప్ మాత్రం తెప్పించుకోండి, దానికి ఇక్కడ సాటి లేదు. పాపకీ మీకూ జాకెట్టు మీద మెరిసే పట్టీ ఉండేలా చూడండి, ఐదింటికి రోడ్డు దాటేటప్పుడు డ్రైవర్లకి కనబడేది అదొక్కటే.

దీపావళికి టపాసులు కాల్చొచ్చా అని మీవారు అడుగుతారు. కుదరదు. బాంబులు, రాకెట్లు మామూలు జనం కాల్చగలిగేది డిసెంబరు 31, జనవరి 1 మాత్రమే. కాకరపువ్వొత్తుల్లాంటి చిన్నవి ఏడాది పొడుగునా కాల్చుకోవచ్చు, పాపకి అవి చాలు. కార్తీకం వచ్చాక బాల్కనీలో దీపాలు గాజు సీసాల్లో పెట్టండి, గాలికి ఆగవు. సరిగ్గా ఆ రోజుల్లోనే, నవంబరు 11 చుట్టుపక్కల, కీటా పిల్లలు సెయింట్ మార్టిన్ పండగకి కాగితం లాంతర్లు చేసి చీకట్లో పాడుకుంటూ ఊరేగుతారు. లాంతరు తయారుచేయడానికి తల్లిదండ్రుల్ని కీటాకి పిలుస్తారు. భాష రాదని మానేయకండి. కత్తెర, జిగురు పట్టుకుని గంటసేపు పక్కన కూర్చుంటే ఎదురింటి పిల్ల తల్లి ఎవరో మీకు తెలిసిపోతుంది. నాకు ఇక్కడ దొరికిన మొదటి స్నేహాలు ఆ బల్ల దగ్గరవే. నెలాఖరుకి క్రిస్మస్ సంతలు మొదలైతే ఊరు మళ్ళీ కళకళలాడుతుంది, ఎస్లింగెన్‌ది తప్పక చూడండి.

ఇంటి తలుపుకి ఏదో ఒక వారం "కేర్‌వోఖె" అని బోర్డు వేలాడితే ఆ వారం మెట్లు, ఇంటి ముందు దారి ఊడ్చే వంతు మీదన్నమాట. ఇది ఈ ష్వాబెన్ ప్రాంతపు పట్టుదల, తేలిగ్గా తీసుకోకండి. నవంబరులో తడి ఆకులు, ఆ తర్వాత మంచు. మంచు పడితే మామూలు రోజుల్లో ఉదయం ఏడింటికల్లా దారి చేసి, జారకుండా సన్న కంకర చల్లాలి. చాలా ఊళ్ళలో ఉప్పు చల్లనివ్వరు. పార ఎక్కడుందో, ఈ పని ఒప్పందంలో మీకుందో కంపెనీకి ఇచ్చారో ఇప్పుడే కనుక్కోండి.

కారు కొన్నారో లేదో రాయలేదు. కొంటే అక్టోబరులోనే చలికాలం టైర్లు వేయించండి, పక్కన కొండ బొమ్మలో మంచు రేకు గుర్తు ఉన్నవే చెల్లుతాయి. రోడ్డు మీద మంచో గడ్డో ఉన్నప్పుడు అవి లేకుండా దొరికితే 60 యూరోల జరిమానా, లైసెన్సు మీద ఒక పాయింటు.

ఖర్చు గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. మీ అద్దెలో హీటింగుకి నెలనెలా కట్టేది అడ్వాన్సు మాత్రమే. అసలు లెక్క మరుసటి ఏడాది వస్తుంది, ఆ ఏడాది ముగిశాక పన్నెండు నెలల లోపు ఓనరు పంపాలి. హీటింగు ఖర్చులో సగం నుంచి డెబ్భై శాతం దాకా మీ మీటరు ప్రకారం, మిగతాది ఇంటి వైశాల్యం ప్రకారం. అందుకే వణుకుతూ హీటరు కట్టేసి కూర్చున్నా బిల్లు సున్నా కాదు, గోడకి బూజు మాత్రం గ్యారంటీ. ఒక నెల అద్దెంత డబ్బు పక్కన పెట్టి ఉంచుకోండి.

ఇక అమ్మానాన్నల రాక. డిసెంబరులో వద్దు. మనవరాలిని చూడాలని వాళ్ళకీ, చేతిసాయం కావాలని మీకూ ఉంటుంది, కాదనను. కానీ ఊళ్ళో పొద్దున్నే వీధి అరుగు మీద నలుగురితో మాట్లాడి, గుడికెళ్ళొచ్చి, సాయంత్రం డాబా మీద తిరిగే మనుషుల్ని తెచ్చి మూడు నెలలు మూడో అంతస్తులో మూసిన కిటికీల వెనక కూర్చోబెడితే రెండో వారానికే టికెట్ ముందుకి జరపమంటారు. మోకాళ్ళ నొప్పులుంటే ఈ చెమ్మకి ఇంకా ఇబ్బంది, జారే మెట్లు, ఫుట్‌పాత్‌లు వేరే భయం. మే నుంచి ఆగస్టు దాకా రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది వరకూ వెలుతురుంటుంది, వాళ్ళంతట వాళ్ళే పార్కుకెళ్ళి వస్తారు. షెంగెన్ వీసా 180 రోజుల్లో 90 రోజులకే ఇస్తారు కాబట్టి ఆ తొంభైని ఎండాకాలానికి దాచండి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ పెట్టొచ్చు, కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్సు ఉండాలి. ఖర్చు మీరు భరిస్తున్నట్టయితే ఇక్కడి విదేశీయుల కార్యాలయం నుంచి హామీపత్రం తీసుకుని వాళ్ళకి పంపాలి, దానికి అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పడుతుంది. మేలో రప్పించాలనుకుంటే ఆ అపాయింట్‌మెంట్ కోసం జనవరిలోనే రాసేయండి, కార్యాలయం అడిగే జీతం స్లిప్పులు మూడు నెలలవి మీవారిని ఇప్పటి నుంచే ఒక ఫైల్లో పెట్టమనండి.